కిక్ స్కూటర్‌కు గుర్తింపు ఎవరి చేతుల్లో ఉంది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల సభ్యుల చర్చ

పెన్న ఒడ్డు (నెల్లూరు):

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరులో కిక్ స్కూటర్ (మోటారు లేకుండా, నిలబడి కాలితో నెట్టి నడిపే చిన్న బండి) మీద విన్యాసాలు సాధన చేస్తున్న పిల్లలు కొందరు ఉన్నారు. వీళ్ళ సంగతి పత్రికల్లో రాదు, పాఠశాలల వార్షికోత్సవాల్లో వినపడదు. తల్లిదండ్రులు మాత్రం నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "దీనికి సర్టిఫికెట్ ఏమైనా వస్తుందా?" ఆ ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు కంటే మెరుగైనది ఈ వేదికలో దొరుకుతుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పరిచయం లేనివారి కోసం ముందుగా రెండు మాటలు చెబుతాను. ఇది బొమ్మల దుకాణంలో దొరికే మడత బండి కాదు. విన్యాసాల బండికి మడత ఉండదు. కాళ్ళు పెట్టే పలకను డెక్ అంటారు. దాన్ని అల్యూమినియంతో, హ్యాండిల్ బార్‌ను ఉక్కుతో చేస్తారు. చక్రాలకు లోపల లోహపు కోర్, పైన పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ పూత ఉంటాయి. వాటి వ్యాసం మామూలుగా 110 మిల్లీమీటర్లు. ఈ బండి పూర్వీకుడు మాత్రం మడత బండే. ఇంటి నుంచి నడవడానికి దూరం, కారు తీయడానికి దగ్గర అనిపించే చోటికి వెళ్ళడానికి స్విట్జర్లాండ్‌లో విమ్ ఔబోటర్ అనే ఆయన దాన్ని తయారుచేశారు. 2000 ప్రాంతంలో రేజర్ పేరుతో అది ప్రపంచమంతటా పిల్లల బొమ్మగా అమ్ముడుపోయింది. దాని మీద గాలిలోకి ఎగరడం నేర్చిన తొలి తరం కుర్రవాళ్ళు మడత దగ్గర విరిగిపోకుండా బోల్టులు బిగించుకుని నడిపేవారు. ఆట ఇంత ఎదిగినా బొమ్మ అన్న పేరు ఇప్పటికీ పోలేదు. స్కేట్‌బోర్డు వాళ్ళూ, విన్యాసాల చిన్న సైకిల్ అయిన బీఎంఎక్స్ వాళ్ళూ ఒకే పార్కులో స్కూటర్ పిల్లలను చిన్నచూపు చూడడానికి సగం కారణం ఇదే.

అంతర్జాతీయంగా పరిస్థితి ఇలా ఉంది. ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీలు 1995లో మొదలై స్కేట్‌బోర్డుకు, బీఎంఎక్స్‌కు టీవీలో చోటు ఇచ్చాయి. బీఎంఎక్స్ రేసింగ్ 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు చేరింది. స్కేట్‌బోర్డింగ్, బీఎంఎక్స్ ఫ్రీస్టైల్ టోక్యోలో ప్రవేశించాయి. స్కూటర్ ఇంకా ఒలింపిక్స్ గడప తొక్కలేదు. అయితే ఫ్రాన్స్‌లోని మోంపెలియె నగరంలో 1997 నుంచి జరుగుతున్న ఫీజ్ ఉత్సవంలో దానికి పోటీలు ఉన్నాయి. స్కేటింగ్ క్రీడలన్నిటికీ పెద్ద దిక్కయిన వరల్డ్ స్కేట్ సంస్థ తన విభాగాల్లో స్కూటర్‌ను కూడా చేర్చుకుంది. మన దేశంలో స్కేట్‌బోర్డింగ్‌ను చూసుకునేది రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. కాబట్టి మనముందు రెండు దారులు ఉన్నాయి. జిల్లా స్కేటింగ్ సంఘం గొడుగు కిందికి వెళ్ళి ఒక విభాగంగా చేర్చమని కోరడం ఒకటి, సొంతంగా పోటీలు పెట్టుకుంటూ ప్రేక్షకులను సంపాదించుకోవడం ఇంకొకటి. మీ అభిప్రాయాలు, వీలైతే అనుభవాలు రాయండి.

పీఈటీ మాస్టారు (ఒంగోలు):

పెన్న ఒడ్డు గారికి నమస్కారం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చాలా ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను కాబట్టి సర్టిఫికెట్ల సంగతి కొంత తెలుసు. సర్టిఫికెట్ ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు, చెల్లేది మాత్రం కొన్నే. కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ఒక్కో క్రీడకు గుర్తింపు పొందిన జాతీయ సమాఖ్య ఒక్కటే ఉండాలి. ఆ సమాఖ్యకు అనుబంధమైన రాష్ట్ర సంఘం, దాని కింద జిల్లా సంఘం నిర్వహించిన పోటీకే విలువ. పాఠశాలల స్థాయిలో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో రోలర్ స్కేటింగ్ ఉంది. సొంత జెండా ఎత్తి కొత్త సంఘం పెడితే చేతికి వచ్చేది రంగుల కాగితం మాత్రమే.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఎక్కడో ఒక ఊళ్ళో "జాతీయ స్థాయి" అని పేరు పెట్టి, ప్రవేశ రుసుము వేలల్లో తీసుకుని, వచ్చిన ప్రతి పిల్లవాడి మెడలో పతకం వేసి పంపే పోటీలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. మా పాఠశాల పిల్లవాడి తండ్రి అటువంటి పతకం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, పదో తరగతి తరువాత ఇది ఎక్కడ పనికొస్తుందని అడిగినప్పుడు జవాబు చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఆశ లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటా జాబితాలో 2020 వరకు 43 క్రీడలు ఉండేవి. ఆ ఏడాది మరో 20 చేర్చి 63 చేశారు. అలా చేరినవాటిలో మల్లఖంబ్, టగ్ ఆఫ్ వార్, రోల్ బాల్ ఉన్నాయి. రోల్ బాల్ చరిత్ర మనకు బాగా ఉపయోగపడుతుంది. కాళ్ళకు స్కేట్లు కట్టుకుని చేత్తో బంతి ఆడే ఈ ఆటను 2003లో పుణెలో రాజు దభాడే రూపొందించారు. 2011లో అక్కడే తొలి ప్రపంచకప్ జరిగింది. తొమ్మిదేళ్ళకు ఉద్యోగాల జాబితాలోకి వచ్చింది. నియమాల పుస్తకం, సంఘాల వరుస, ఏటా తప్పకుండా పోటీ, ఈ మూడూ కుదిరితే తలుపు తెరుచుకుంటుంది. మన రాష్ట్రంలో ఉద్యోగాల క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు కూడా. అందువల్ల నా ఓటు మొదటి దారికే.

బార్‌స్పిన్ (నెల్లూరు):

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను రోజూ స్కూటర్ నడిపేవాణ్ణి, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్కేటింగ్ సంఘం కింద చేరితే మాకు ఏమవుతుందో మంచు మీద పలకతో జారే స్నోబోర్డింగ్ ఆట చరిత్రలో రాసి ఉంది. 1980లలో చాలా స్కీ కేంద్రాలు స్నోబోర్డు వాళ్ళను లోపలికే రానిచ్చేవి కావు. అదే ఆట 1998లో నగానో ఒలింపిక్స్‌కు ఎక్కినప్పుడు, అప్పటికే దాన్ని నడుపుతున్న స్నోబోర్డు సమాఖ్యను పక్కన పెట్టి, నిర్వహణను స్కీ సమాఖ్య చేతికి ఇచ్చారు. ఆ రోజుల్లో ఆ ఆటలో మేటి అనిపించుకున్న నార్వే ఆటగాడు టెర్యె హాకన్‌సెన్ నిరసనగా ఒలింపిక్స్‌కే వెళ్ళలేదు. స్నోబోర్డు సమాఖ్య 2002లో మూతపడింది. స్కేట్‌బోర్డును ఒలింపిక్స్‌లో చేర్చవద్దని స్కేటర్లే సంతకాలు సేకరించారు. గుర్తింపు అక్కర్లేక వాళ్ళు ఆ పని చేయలేదు. ఆట తెలియనివాళ్ళ చేతికి ఆట వెళుతుందన్న భయంతో చేశారు.

మన జిల్లాల్లో స్కేటింగ్ అంటే రింకు చుట్టూ వేగంగా తిరగడం. అక్కడి శిక్షకులు మంచివాళ్ళే. కానీ టెయిల్‌విప్ అనే విన్యాసం ఎందుకు కష్టమో వాళ్ళకు తెలియదు. గాలిలో ఉండగా డెక్‌ను పాదంతో పక్కకు తన్నాలి. అది బార్ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి వచ్చేలోపు మోకాళ్ళు పైకి ముడుచుకుని ఉండాలి. తిరిగి వచ్చే డెక్‌ను ముందు పాదంతో ఆపి, రెండో పాదం దాని మీద ఆనించాకే నేల తాకాలి. క్షణం ముందు కాలు దించితే డెక్ అంచు వచ్చి చీలమండ ఎముకకు తగులుతుంది. ఆ నొప్పి ఎలాంటిదో తెలిసినవాడే దానికి మార్కులు వేయగలడు. ఇవి తెలియని సంఘంలో చేరితే చివరికి మా చేత కూడా రెండు వందల మీటర్ల పరుగు పందెం పెట్టిస్తారు.

ఇంకొక మాట. స్కూటర్ మీద పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియా ఆటగాడు రయాన్ విలియమ్స్‌కు ఎక్స్ గేమ్స్ స్వర్ణం రావాలంటే బీఎంఎక్స్ సైకిల్ ఎక్కవలసి వచ్చింది. ఆయన ఎక్కాడు, గెలిచాడు. మనిషి అతడే, నైపుణ్యం అదే, పతకం మాత్రం బండిని బట్టి వచ్చింది.

వేదాయపాళెం అక్క (నెల్లూరు):

తమ్ముడు చరిత్ర బాగా చెప్పాడు. కానీ నా కూతురు వయసు పన్నెండు. నాకు నార్వే ఆటగాడి నిరసన కంటే దగ్గరి చింతలు ఉన్నాయి. మా అమ్మాయి సాధన చేసే చోట కాపలాదారు వారానికి ఒకసారైనా పిల్లలను తరిమివేస్తాడు. గచ్చు పాడవుతుందంటాడు. ఆయన ఉద్యోగం ఆయనది, తప్పు పట్టను. కానీ అదే గచ్చు మీద పెద్దవాళ్ళు షటిల్ ఆడితే ఎవరూ ఏమీ అనరు. నా దృష్టిలో గుర్తింపు అంటే ముందుగా పిల్లలను తరమకపోవడం. సర్టిఫికెట్ తరువాతి మాట.

ఆడపిల్ల కాబట్టి బంధువుల నుంచి వినవలసిన మాటలు వేరే ఉంటాయి. "కాలూ చెయ్యీ విరిగితే రేపు ఏం చేస్తావు?" అన్న ప్రశ్నకు నేను మొదట్లో జవాబు చెప్పేదాన్ని కాదు. టోక్యోలో మహిళల స్కేట్‌బోర్డింగ్ స్ట్రీట్ పోటీలో స్వర్ణం గెలిచిన మొమిజి నిషియాకు పదమూడేళ్ళు, రజతం గెలిచిన రైసా లియాల్‌కూ పదమూడేళ్ళే అని తెలిసిన తరువాత ఆ ఫొటో మా అత్తగారికి చూపించాను. ఆమె ఫొటోను చాలాసేపు చూసి, "ఈ పిల్లలకు వాళ్ళమ్మ హెల్మెట్ పెట్టించింది, నువ్వూ పెట్టించు" అన్నారు. ఆ మాటతో మా ఇంట్లో వివాదం సగం ముగిసింది.

హెల్మెట్ విషయంలో తల్లులకు ఒక సూచన. మోటారు సైకిల్ హెల్మెట్ బరువు పిల్లల మెడకు మంచిది కాదు. సైకిల్, స్కేటింగ్ కోసం తయారైనదే కొనాలి, లోపలి చీటీ మీద ఈఎన్ 1078 అనే ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడాలి. మోచేతి, మోకాలి తొడుగులతో పాటు మణికట్టు తొడుగు మరవకండి. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు.

మేలుజాతి (ఒంగోలు):

నాకు స్కూటర్ ఆట తెలియదు. కానీ ప్రభుత్వ జాబితాతో సంబంధం లేకుండా గుర్తింపు ఎలా వస్తుందో చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. మా ప్రాంతంలో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు జరుగుతాయి. వాటికి ఒలింపిక్స్ లేవు, ఉద్యోగ కోటా లేదు. అయినా పోటీ అంటే చుట్టుపక్కల పది ఊళ్ళ జనం వస్తారు. ఎద్దుల జతలను వయసు తెలిపే పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు: రెండు పళ్ళవి వేరు, నాలుగు పళ్ళవి వేరు, ఆరు పళ్ళవి వేరు, సీనియర్లు వేరు. నిర్ణీత సమయంలో బండ ఎంత దూరం కదిలిందో అడుగులు, అంగుళాలతో సహా కొలిచి మైకులో చదువుతారు. ఆ కొలతను ఎవరూ శంకించరు, ఎందుకంటే టేపు అందరి కళ్ళముందే పడుతుంది. గెలిచిన జత ధర మరుసటి రోజు నుంచి పెరుగుతుంది.

మీ పిల్లల ఆటకు లోటు సంఘం కాదు, ప్రేక్షకుడు. చూసేవాడికి ఏది కష్టమో, ఎవరు ఎందుకు గెలిచారో అర్థమయ్యేలా చెప్పే మనిషి ఒకడు మైకు దగ్గర ఉంటే, మా ఊరి తిరునాళ్ళలో కూడా మీకు అరగంట చోటు దొరుకుతుంది. గోపీచంద్ గారు పుట్టిన నాగండ్ల ఒకప్పటి మన ప్రకాశం జిల్లా ఊరే. ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక బ్యాడ్మింటన్ గురించి మా ఊరి టీ కొట్టులో కూడా మాట్లాడారు. అంతకు ముందు ఆ ఆటకు సంఘం లేక కాదు కదా.

పీఈటీ మాస్టారు (ఒంగోలు):

మేలుజాతి గారూ, మీ ఉదాహరణ చక్కనిది, కానీ అది నా వాదననే బలపరుస్తుంది. పళ్ళ విభాగాలు, సమయం, కొలత, మైకు ప్రకటన, ఇవన్నీ నియమాలే. కమిటీ లేకుండా ఆ పోటీ ఒక్క ఏడాది కూడా నడవదు. తేడా ఏమిటంటే ఎద్దుల యజమానికి పొలం ఉంటుంది, పోటీ ఆయనకు పరువు. పదిహేనేళ్ళ పిల్లవాడికి ముందు ఇంటర్ ఉంది, ఆ తరువాత ఉద్యోగం ఉంది. సాధన కోసం వాడు పెట్టే నాలుగేళ్ళకు బదులు ఏదో ఒకటి వాడి చేతికి రావాలి.

కబడ్డీ సంగతి చూడండి. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతక క్రీడ అయింది. మన దేశం వరుసగా స్వర్ణాలు గెలిచింది. అయినా మధ్యతరగతి ఇళ్ళలో పిల్లలు దాన్ని చూడడం 2014లో ప్రో కబడ్డీ టీవీలోకి వచ్చిన తరువాతే మొదలైంది. సంఘమూ కావాలి, ప్రేక్షకుడూ కావాలి. కానీ కబడ్డీకి టీవీ వచ్చేనాటికి సంఘం, నియమాలు, ఆటగాళ్ళు సిద్ధంగా ఉన్నారు. క్రమం తిరగబడితే టీవీ వాళ్ళకు చూపించడానికి ఏమీ ఉండదు.

తీరం గాలి (మైపాడు):

సర్ఫింగ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. చెన్నై దాటి మహాబలిపురం దారిలో ఉన్న కోవళంలో మత్స్యకార కుటుంబాల కుర్రవాళ్ళు అలల మీద పలక నడపడం నేర్చుకుని, తరువాత వాళ్ళే శిక్షకులయ్యారు. తొలి రోజుల్లో వాళ్ళను ఎవరూ క్రీడాకారులుగా చూడలేదు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో రమేష్ బుడిహాళ్ కాంస్యం గెలిచాడు. వ్యక్తిగత విభాగంలో మన దేశానికి అదే తొలి పతకం. సర్ఫింగ్ 2026లో ఐచి-నగోయా ఆసియా క్రీడల్లోకి కూడా చేరింది. మాకూ సముద్రం ఉంది, మైపాడు అలలకు ఏమీ తక్కువ లేదు, కానీ ఇక్కడ పలక పట్టినవాడు లేడు. అక్కడ పెద్దవాళ్ళు పక్కన నిలబడి నేర్పారు, పోటీ అదే ఒడ్డున పెట్టారు.

స్కూటర్ పిల్లలకు తీరం నుంచి ఒక ఉచిత సలహా: మైపాడుకు బండి తీసుకురాకండి. ఉప్పు గాలికి బేరింగులు నెల తిరగకముందే గరగరమంటాయి. తెచ్చినా, ఇంటికి వెళ్ళి పొడి గుడ్డతో తుడిచి నూనె వేయండి.

చర్చా నిర్వాహకులు:

బండలాగుడులో పశువుల సంరక్షణ గురించి వచ్చిన మూడు వ్యాఖ్యలను వేరే చర్చకు తరలించాము. ఇక్కడ కొత్త క్రీడల గుర్తింపు గురించి మాత్రమే రాయవలసిందిగా మనవి.

గెలాక్సీ నలుపు (చీమకుర్తి):

చర్చంతా కాగితాల మీదే నడుస్తోంది, స్థలం మాట ఎవరూ ఎత్తడం లేదు. నేను గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మా అల్లుడు బెంగళూరులో ఉంటాడు, ఆయన చెప్పిన దాన్ని బట్టి స్కేట్‌బోర్డు, స్కూటర్ వాళ్ళు రాతి అరుగుల అంచుల మీద జారడానికి ఎంత దూరమైనా వెళతారు. మా దగ్గర ఆ రాయి గుట్టలుగా పడి ఉంటుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. కానీ చిన్న పగులు ఉన్నా, గీత పడ్డా, రంగు తేడా వచ్చినా ఆ బ్లాకును కొనేవాడు పక్కన పెట్టేస్తాడు. అటువంటి ముక్కలను తక్కువ ధరకు, ఒక్కోసారి రవాణా ఖర్చుకే ఇస్తారు.

పనితనం గురించి చెబుతాను. పది అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు ఉన్న ముక్క ఒకటి చాలు. పై అంచును పదునుగా వదిలేస్తే పిల్లల కాళ్ళు కోసుకుంటాయి, రాయి కూడా పెచ్చులు లేస్తుంది. కాబట్టి గ్రైండర్‌తో అంచును నాలుగైదు మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా కొట్టాలి. అంచుకు రెండు పక్కలా ఒక జానెడు వెడల్పు వరకే పాలిష్ పట్టించాలి. పైభాగమంతా అద్దంలా పాలిష్ చేస్తే, తెల్లవారుజామున మంచు పడినప్పుడు దాని మీద కాలు నిలవదు. మిగిలిన భాగాన్ని ఫ్లేమ్ ఫినిష్‌తో గరుకుగా వదలాలి. అల్యూమినియం డెక్ రాసుకుంటే రాయి మీద బూడిద రంగు గీతలు పడతాయి, అవి పోవు. నల్ల రాయి మీద అవి ఇంకా బాగా కనపడతాయి. మున్సిపాలిటీ వాళ్ళు పార్కు అందం పాడయిందని అంటే, దానికి సమాధానం ముందే సిద్ధం చేసుకోండి.

నేల గురించి కూడా ఒక మాట. రొయ్యల ప్రాసెసింగ్ షెడ్లలో, పెద్ద గోదాముల్లో పవర్ ట్రోవెల్ (నేలను నునుపు చేసే యంత్రం) పట్టించిన కాంక్రీటు ఉంటుంది చూడండి, అదే నునుపు కావాలి. ఆ పని చేసే మేస్త్రీలు నెల్లూరులో ఉన్నారు. చిన్న చక్రానికి అర అంగుళం సందు కూడా గొయ్యే. కాబట్టి కాంక్రీటులో వదిలే ఎక్స్‌పాన్షన్ జాయింటు సందు పిల్లలు దూకే దారికి అడ్డంగా రాకుండా ముందే గీయించుకోవాలి.

బార్‌స్పిన్ (నెల్లూరు):

చీమకుర్తి బాబాయి గారూ, ఈ చర్చలో నాకు నిద్ర పట్టనివ్వని పోస్టు మీదే. అటువంటి అరుగు ఒక్కటి ఉంటే మేము చెన్నై వెళ్ళే అవసరం సగం తగ్గుతుంది. మా జట్టులో పెగ్గులు (అంచుల మీద జారడానికి చక్రాల పక్కన బిగించే చిన్న గొట్టాలు) పెట్టుకున్నవాళ్ళు ఇద్దరే ఉన్నారు, మిగిలినవాళ్ళు డెక్ అడుగుభాగంతోనే జారుతారు. కాబట్టి ఎత్తు అడుగున్నర వద్దు, అడుగు చాలు. చిన్నపిల్లలు కూడా దాని మీదికి ఎగరగలగాలి.

పాత రిఫరీ (కందుకూరు):

వాలీబాల్ పోటీలకు చాలాకాలం రిఫరీగా ఉన్నాను. మీ ఆటలో నాకు మింగుడుపడనిది ఒక్కటే: తీర్పు. బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అన్నది తేలుతుంది. "బాగుంది" అన్నదానికి మార్కులు ఎలా వేస్తారు? ఊళ్ళో మొదటి పోటీలోనే నిర్వాహకుడి మేనల్లుడికి మొదటి బహుమతి వస్తే, రెండో పోటీకి ఎవరూ రారు.

బార్‌స్పిన్ (నెల్లూరు):

తాతగారూ, మంచి ప్రశ్న అడిగారు. ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ పార్క్ విభాగంలో ఒక్కో ఆటగాడికి 45 సెకన్ల రన్‌లు (విన్యాసాలు చూపే అవకాశాలు) మూడు ఇస్తారు, వాటిలో మెరుగైనదే లెక్క. బీఎంఎక్స్ ఫ్రీస్టైల్‌లో రన్ ఒక నిమిషం. రెండింటిలోనూ న్యాయనిర్ణేతలు వందకు మార్కులు వేస్తారు. విన్యాసం ఎంత కష్టమైనది, ఎంత శుభ్రంగా చేశారు, ఎంత ఎత్తుకు వెళ్ళారు, పార్కులోని అన్ని భాగాలనూ వాడుకున్నారా, చేసిందే చేశారా లేక రకరకాలుగా చేశారా అని చూస్తారు. జిమ్నాస్టిక్స్‌లోనూ, బాక్సింగ్‌లోనూ మనుషులే మార్కులు వేస్తున్నారు. పడిపోతే ఆ రన్ అక్కడితో దెబ్బతింటుంది కాబట్టి చూసేవాళ్ళకు కూడా కొంత తెలిసిపోతుంది.

మేనల్లుడి సమస్యకు నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మొదటి పోటీకి న్యాయనిర్ణేతలను మన రెండు జిల్లాల నుంచి తీసుకోకూడదు. చెన్నై, బెంగళూరు నగరాల్లో ఈ ఆట ఆడే పెద్దవాళ్ళను ముగ్గురిని పిలుద్దాం. వాళ్ళకు దారి ఖర్చులు, భోజనం ఇస్తే చాలు.

పాత రిఫరీ (కందుకూరు):

అది ఒప్పుకుంటాను. ఒక షరతు పెడుతున్నాను: ప్రతి న్యాయనిర్ణేత వేసిన మార్కులను విడివిడిగా, ప్రతి రన్ అయిన వెంటనే, పలక మీద రాసి చూపించాలి. మొత్తం మాత్రమే చదివితే కుదరదు. ఆ మార్కుల కాగితాల నకళ్ళు భద్రపరచాలి. రేపు జిల్లా సంఘం వాళ్ళు "మీ పోటీకి ఆధారం ఏమిటి?" అని అడిగితే చూపించగలిగింది అదే.

దర్గామిట్ట పాఠకుడు (నెల్లూరు):

ఒలింపిక్స్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దని గుర్తుచేయడానికే రాస్తున్నాను. 2024 పారిస్‌లో బ్రేకింగ్ నృత్యాన్ని పతక క్రీడగా చేర్చారు, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలో అది లేదు. పారిస్‌లోనే 1900లో ఒకసారి ఆడించిన క్రికెట్ 2028లో మళ్ళీ వస్తోంది. ఆతిథ్య నగరానికి నచ్చిన ఆట లోపలికి వస్తుంది, తరువాతి నగరానికి నచ్చకపోతే వెళ్ళిపోతుంది. స్కేట్‌బోర్డింగ్, సర్ఫింగ్, స్పోర్ట్ క్లైంబింగ్ మాత్రం 2028 నుంచి మూల జాబితాలో నిలబడ్డాయి. ఈ మూడూ టోక్యోకు ముందే ఎన్నో దేశాల్లో క్రమం తప్పకుండా పోటీలు జరుపుకుంటున్న ఆటలు. నెల్లూరు పిల్లవాడికి ఒలింపిక్స్ ఎంత దూరమో నాకు తెలుసు, కానీ ఆ క్రమం జిల్లాకూ వర్తిస్తుంది.

వేదాయపాళెం అక్క (నెల్లూరు):

ఒక చిన్న సందేహం. పోటీ పెడితే ఆడపిల్లలకు వేరే విభాగం ఉంటుందా? నాకు తెలిసి మా ఊళ్ళో సాధన చేసే ఆడపిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. తక్కువమంది ఉన్నారని అబ్బాయిలతో కలిపేస్తే మా అమ్మాయి రాదు. ముగ్గురే వచ్చినా విభాగం పెడతామని ముందే ప్రకటిస్తే, ఆ ముగ్గురూ ఇంకో ముగ్గురిని తీసుకొస్తారు.

పెన్న ఒడ్డు (నెల్లూరు):

అందరి మాటలూ చదివి, జిల్లా స్కేటింగ్ సంఘానికి ఇవ్వడానికి ఒక వినతి పత్రం రాశాను. ముసాయిదా సారాంశం ఇది. స్కూటర్ ఫ్రీస్టైల్‌ను జిల్లా పోటీల్లో ప్రదర్శన విభాగంగా ఒక ఏడాది పాటు అనుమతించాలి, పతకాలు, సర్టిఫికెట్లు తరువాత చూసుకోవచ్చు. నియమాలు, న్యాయనిర్ణేతల ఎంపిక ఆడేవాళ్ళ ఉపసంఘం చేతిలో ఉండాలి. ఆడపిల్లలకు సంఖ్యతో నిమిత్తం లేకుండా వేరే విభాగం ఉండాలి. హెల్మెట్ లేనివారిని బరిలోకి దింపకూడదు. మార్కుల కాగితాలు అందరికీ కనపడాలి. స్థలం కోసం మున్సిపాలిటీకి వేరే వినతి ఇద్దాం, అందులో చీమకుర్తి రాయి ఖర్చు అంచనా జతచేద్దాం. గెలాక్సీ నలుపు గారు రవాణాతో కలిపి అంచనా పంపితే ఈ వారంలో పని పూర్తవుతుంది.

బార్‌స్పిన్ (నెల్లూరు):

రెండో అంశం మీద నేను పట్టుబడుతున్నాను, అన్నా. "ఉపసంఘం చేతిలో" అన్నది సరిపోదు. సంఘం ఆ ఉపసంఘాన్ని ఎప్పుడైనా రద్దు చేయగలిగితే స్నోబోర్డు వాళ్ళకు పట్టిన గతే మనకూ పడుతుంది. ఉపసంఘంలో సగానికి పైగా ప్రస్తుతం ఆడుతున్నవాళ్ళే ఉండాలని, వాళ్ళను ఆటగాళ్ళే ఎన్నుకోవాలని రాయండి. దానికి ఒప్పుకోకపోతే నేను సంతకం పెట్టను. ఒప్పుకుంటే మా జట్టు మొత్తం చేత పెట్టిస్తాను.

పీఈటీ మాస్టారు (ఒంగోలు):

నాయనా, "సగానికి పైగా" అని రాస్తే సంఘం వాళ్ళు మొదటి సమావేశంలోనే వినతిని పక్కన పెడతారు, ఆ మనుషులు నాకు తెలుసు. "సగం" అని రాయించండి, మిగతా సగంలో ఒకరు పిల్లల తల్లిదండ్రుల తరఫున ఉండాలని చేర్చండి. మీ మాట నెగ్గడానికి అది చాలు. వినతికి జతగా పాఠశాల ప్రధానోపాధ్యాయుల నుంచి ఒక్కొక్క లేఖ కూడా ఉంటే బాగుంటుంది. ఒంగోలు నుంచి రెండు లేఖలు నేను తెప్పిస్తాను, నెల్లూరు వైపు ఎవరు తెప్పిస్తారో ఇక్కడే రాయండి.

వేదాయపాళెం అక్క (నెల్లూరు):

మా అమ్మాయి పాఠశాల లేఖ నేను తెస్తాను మాస్టారూ. ఆ తల్లిదండ్రుల చోటులో నా పేరు రాసుకోవచ్చు. బార్‌స్పిన్ తమ్ముడు సంతకం పెట్టినా పెట్టకపోయినా నేను పెడతాను. అతను పెడితేనే బాగుంటుంది.

బార్‌స్పిన్ (నెల్లూరు):

సగం అంటే సగమే కానివ్వండి, అక్కా. కానీ ఎన్నుకునేది ఆటగాళ్ళే అన్న వాక్యం ఉండాలి, అది తీసేస్తే ఒప్పుకోను. పెన్న ఒడ్డు అన్న మార్చిన ముసాయిదా పెట్టగానే మా వాళ్ళ చేత చదివిస్తాను.